శ్రీవారి మెట్టు దారిలో పసుపు గొంతు పిట్ట: వసంతారంభంలో మన ప్రాంతంలో నమోదు చేయదగినవి ఏవి?

ప్రశ్న: స్వర్ణముఖి తీరం (తిరుపతి)

అందరికీ నమస్కారం. పక్షులను గమనించడం నేను ఇటీవలే మొదలుపెట్టాను. నా దగ్గర ఒక మామూలు బైనాక్యులర్, ఫోన్‌లో కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ తప్ప మరేమీ లేవు. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చిన ఈ రోజుల్లో శేషాచలం కొండల మీద చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉన్నందువల్ల, వానాకాలంలో కూత మాత్రమే వినిపించి కంటికి చిక్కని పిట్టలు ఇప్పుడు కొమ్మల మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మొన్న శ్రీనివాసమంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు దారిలో కొండకు నడిచి వెళుతుండగా, మెట్ల పక్కన పెద్ద బండ చీలికలోంచి పెరిగిన జువ్వి చెట్టు మీద ఒక పిట్ట వాలింది. పరిమాణం మనం ఇళ్ళ దగ్గర చూసే పిగిలిపిట్ట (బుల్‌బుల్) అంతే ఉంటుంది కానీ తల మీద జుట్టు లేదు. గొంతు మంచి పసుపు రంగులో ఉంది, తల పసుపు కలిసిన ఆకుపచ్చగా, వీపు బూడిద రంగులో ఉన్నాయి. ఒక పండు మింగి, కొద్దిసేపు కూర్చుని, బండ వెనక్కు ఎగిరిపోయింది. ఫోటో తీసే వ్యవధి దొరకలేదు.

ఇది పసుపు గొంతు పిగిలిపిట్ట కావచ్చునా? మిత్రులలో ఒకరు పసుపు గొంతు పిచ్చుక అన్నారు, మరొకరు అయోరా అన్నారు. ఆ సమయంలో చుట్టుపక్కల వినిపించిన కూతకు మెర్లిన్ యాప్ 'తెల్ల కనుబొమ పిగిలిపిట్ట' అని చూపించింది.

దీనితో ముడిపడిన ఇంకొక ప్రశ్న కూడా ఉంది. వాట్సాప్ బృందాలలో అరుదైన పక్షి ఫోటో పెడితేనే అందరూ స్పందిస్తున్నారు. మా వీధిలో కరెంటు తీగల మీద బారులు తీరే వానకోయిలలు (స్వాలోలు), పేరూరు చెరువులో కనిపించే బాతులు ఈ కాలంలో ప్రత్యేకంగా రాసిపెట్టుకోదగినవేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: చంద్రగిరి బాటసారి

స్వర్ణముఖి గారూ, మీరు రాసిన వర్ణన చదువుతుంటేనే చాలా సంతోషం కలిగింది. మీరు చూసింది పసుపు గొంతు పిగిలిపిట్టే అయి ఉండడానికి అవకాశం ఎక్కువ. అయితే ఖాయం చేసుకోవడానికి ముందు, దానితో పొరబడే వీలున్న మిగతా పిట్టలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి.

పిచ్చుక మాట మొదట చూద్దాం. పసుపు గొంతు పిచ్చుకకు నిజానికి గొంతంతా పసుపు ఉండదు. మగదానికి గొంతు కింది భాగంలో చిన్న పసుపు మచ్చ, భుజం మీద ఇటుక రంగు పట్టీ, రెక్క మీద తెల్లని గీతలు ఉంటాయి. ఒళ్ళంతా మట్టి రంగు. పైగా అది పిగిలిపిట్ట కంటే బాగా చిన్నది. అయోరా కూడా చిన్నదే, దాని అడుగు భాగమంతా పసుపే, నల్లని రెక్క మీద రెండు తెల్ల చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మీరు చూసిన పిట్టకు వీపు బూడిద రంగు అన్నారు కనుక ఈ రెండూ పోయినట్టే.

మిగిలింది తెల్ల కనుబొమ పిగిలిపిట్ట. అసలు చిక్కు దీనితోనే వస్తుంది, ఎందుకంటే అదే కొండవాలులో, అవే పొదల్లో రెండూ తిరుగుతాయి, రెండింటికీ తోక మొదట కింది వైపున పసుపు ఉంటుంది. కాబట్టి కింది పసుపును చూసి నిర్ణయానికి రాకూడదు. తెల్ల కనుబొమ దానికి కంటి మీద తెల్లని గీత స్పష్టంగా ఉంటుంది, గొంతు పాలిపోయిన రంగులో ఉంటుంది, పొదలో దాక్కుని గబగబా పెద్ద గొంతుతో కూస్తుంది. పసుపు గొంతు దానికి కంటి మీద గీత ఉండదు, గొంతు పసుపు దూరానికే తెలుస్తుంది, తోక కొసలు లేత పసుపు కలిసిన తెలుపులో ఉండి, పిట్ట ఎగిరి వాలేటప్పుడు తోక విప్పిన క్షణంలో బయటపడతాయి. మీరు తోక కొసను గమనించారా? యాప్ విన్న కూత పక్క పొదలోని వేరే పిట్టది కావడం చాలా సహజం. ఆ దారిలో ఆ పిట్టలు చాలా ఉన్నాయి. యాప్ చెప్పింది తప్పు కాకపోవచ్చు, కానీ అది మీరు చూసిన పిట్ట గురించి చెప్పలేదు.

ఇక ఈ పిట్ట ఎందుకు విలువైనదో కొంచెం వివరంగా రాయాలనిపిస్తోంది. ఇది దక్షిణ భారతదేశపు రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1845లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ఇది ముప్పును ఎదుర్కొంటున్న పక్షుల వరుసలో ఉంది. మన శేషాచలం, నల్లమల, హార్స్‌లీ హిల్స్, పలమనేరు వైపు కౌండిన్య అడవి, కర్ణాటకలో నంది కొండలు దీనికి పేరుపడ్డ చోట్లు. దట్టమైన అడవి దీనికి అవసరం లేదు, ఏమీ లేని బంజరు పనికిరాదు. పెద్ద బండలు, బండల సందుల్లో జువ్వి, మేడి, రావి వంటి పండ్ల చెట్లు, చుట్టూ ముళ్ళ పొదలు కావాలి. అటువంటి గుట్టలనే మనం గ్రానైటు కోసం తొలిచివేస్తున్నాము. తిరుమల కొండలు రక్షిత అడవి కావడం, 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంగా, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించడం దీనికి దక్కిన అదృష్టం. మెట్లు ఎక్కుతూ గోవింద నామం పలికే వేలాది మందికి ఇంత అరుదైన పిట్ట చేతికందే దూరంలో ఉందని తెలిస్తే ఎంత బాగుండును.

రెండవ ప్రశ్నకు నా సమాధానం ఇది. అరుదైన పక్షి కనిపించడం ఎంత ముఖ్యమో, మామూలు వలస పక్షి మన ఊరిలో చివరిసారి కనిపించిన తేదీ కూడా అంతే ముఖ్యం. ఇంకా చెప్పాలంటే, వసంతారంభంలో రెండవదే ముఖ్యం. వలస పక్షి వచ్చిన రోజును అందరూ గుర్తిస్తారు, ఎందుకంటే అప్పటిదాకా లేనిది కొత్తగా కనిపిస్తుంది. వెళ్ళిపోయిన రోజు ఎవరికీ తెలియదు. ఒకనాడు లేదన్న సంగతి కొన్నాళ్ళ తరువాత గానీ మనసుకు రాదు. అందుకే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వీలైనంత తరచుగా ఒకే చోటికి వెళ్ళి, అక్కడ కనిపించిన ప్రతి పక్షినీ రాయండి. తీగల మీది వానకోయిలలు, చెరువు గట్టు మీద తోక ఊపుతూ తిరిగే జిట్టంగులు, వేపచెట్టు ఆకుల్లో ఉండి 'చీవీ' అని కూసే ఆకుపచ్చ వార్బ్లర్, పేరూరు చెరువులో సూదితోక బాతులు, ఇవన్నీ ఉత్తరానికి తిరిగి వెళ్ళేవే.

కోయిల విషయంలో మాత్రం కొద్దిగా జాగ్రత్త అవసరం. అది ఎక్కడికీ వెళ్ళదు, ఎక్కడి నుంచీ రాదు. చలికాలమంతా ఇక్కడే మౌనంగా ఉండి, ఇప్పుడు మగది గొంతు విప్పుతుంది. కాబట్టి 'వచ్చింది' అని కాక 'కూత మొదలైంది' అని రాయాలి.

జవాబు 2: పులికాట్ టీచర్ (సూళ్లూరుపేట)

చంద్రగిరి మిత్రులు కొండ గురించి రాశారు కనుక నేను నీళ్ళ గురించి రాస్తాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు తీరం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అయినా తిరుపతి పట్టణంలోని పక్షి ప్రేమికులు ఇప్పటికీ ఇటువైపు జనవరిలో పక్షుల పండుగ (ఫ్లెమింగో ఫెస్టివల్) సమయంలో మాత్రమే వస్తున్నారు. నా దృష్టిలో ఫిబ్రవరి చివరి వారాలు, మార్చి మొదటి వారాలు అంతకంటే మెరుగైన కాలం.

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో నీళ్ళ మధ్యనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్‌లు) గూళ్ళు పెడతాయి. చలికాలం మొదట్లో పెట్టిన గుడ్లు పొదిగి, ఇప్పటికి పిల్లలు దాదాపు తల్లి అంత పెరిగి ఉంటాయి. బూడిద, గోధుమ రంగులు కలిసిన పిల్లలు గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకోవడం పరిశీలన గోపురం మీద నుంచి చూడవచ్చు. తల్లి పులికాట్ నుంచి చేపలతో తిరిగి రాగానే పిల్ల తన తలనంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చి, మెడ దాకా లోపలే ఉంచి తింటుంది. మొదటిసారి చూసినవారికి అది తల్లిని పొడుస్తున్నట్టే అనిపిస్తుంది. మా బడి పిల్లలు దీనిని చూసి ఏడ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, రాత్రి కొంగలు అదే చెట్ల మీద కాపురముంటాయి. ఎండలు ముదిరే కొద్దీ చెరువు తగ్గి, పిల్లలు ఎగరడం నేర్చుకుని, చెట్లు ఖాళీ అవుతాయి. ఏ వారంలో ఖాళీ అయ్యాయన్నది ప్రతి సంవత్సరం రాసిపెట్టవలసిన విషయం, ఎందుకంటే అది ఆ ఏడు పడిన ఈశాన్య రుతుపవన వర్షాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది.

పులికాట్‌లో రాజహంసల (ఫ్లెమింగోల) సంగతి అందరికీ తెలిసినదే. శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డుకు ఇరువైపులా, మోకాలి లోతు లేని ఉప్పునీటిలో ముక్కును తలకిందులుగా పెట్టి నీటిని వడకట్టుకుంటూ అవి వరుసగా కదులుతుంటాయి. వాటిలో గోధుమ, బూడిద రంగులో కనిపించేవి వేరే జాతి కాదు, ఇంకా గులాబీ రంగు రాని పిల్లలు. ఒకవేళ గుంపులో మిగతావాటి కంటే బాగా పొట్టిగా, ముక్కు ముదురు ఎరుపులో ఉన్నది కనిపిస్తే అది చిన్న రాజహంస కావచ్చు. అది ఇక్కడ పెద్దదాని కంటే చాలా తక్కువగా కనిపిస్తుంది కనుక తప్పక నమోదు చేయండి.

అయితే రాజహంసల మీద నుంచి కాసేపు చూపు తిప్పి, బురద అంచున పరుగులు పెట్టే ఉల్లంకి పిట్టలను చూడమని నా మనవి. చలికాలమంతా ఒకే బూడిద రంగులో ఉండి ఏది ఏదో తెలియక విసిగించే ఈ పిట్టలు, తిరుగు ప్రయాణానికి ముందు మార్చి, ఏప్రిల్ నెలల్లో పెళ్ళి బట్టలు వేసుకుంటాయి. నల్లతోక గాడ్విట్ మెడ తుప్పు రంగుకు మారుతుంది, వంపు ముక్కు ఉల్లంకి ఛాతీ ఇటుక రంగు తేలుతుంది, ఇసుక ప్లోవర్‌కు ఛాతీకి అడ్డంగా ఎర్రని పట్టీ వస్తుంది. సగం మారి సగం మారని స్థితిలో ఉన్న పిట్టను చూస్తే, 'ఇది వెళ్ళడానికి సిద్ధమవుతోంది' అని స్పష్టంగా అర్థమవుతుంది. నమోదు చేసేటప్పుడు రంగు ఎంతవరకు మారిందో కూడా ఒక మాట రాయండి.

జవాబు 3: పలమనేరు రైతు

పై ఇద్దరూ రాసినదంతా బాగుంది. మా వైపు విషయం ఒకటి కలపదలిచాను.

ఈ రోజుల్లో పలమనేరు, కుప్పం, పుంగనూరు దారుల్లో మోదుగలు పూసి ఉన్నాయి, బూరుగ చెట్లు ఆకు లేకుండా ఎర్రని పూలతో నిలబడి ఉన్నాయి. ఈ రెండు చెట్ల మీద గులాబీ గోరింకలు గుంపులు గుంపులుగా దిగుతాయి. వీటి పుట్టిల్లు మధ్య ఆసియా గడ్డి మైదానాలు. వర్షాకాలంలోనే మన దేశానికి రావడం మొదలుపెట్టి, ఏప్రిల్‌కు తిరిగి వెళ్ళిపోతాయి. వెళ్ళే ముందు వీటి తల, రెక్కలు నిగనిగలాడే నలుపుగా, వీపు, పొట్ట గులాబీ రంగుగా తేరుతాయి. బూరుగ పువ్వులో తేనె కోసం తల దూర్చి తీసిన పిట్ట నుదుటి మీద పుప్పొడి పసుపు బొట్టులా అంటుకుని ఉండడం దగ్గర నుంచి చూశాను. ఆ పుప్పొడిని ఇంకో చెట్టుకు చేరవేసేది ఇవే. జొన్న, సజ్జ చేల మీద పడి గింజ తినే మాట నిజమే, మా నాన్నగారు డబ్బా కొట్టి తోలేవారు కూడా. కానీ ఇవే పిట్టలు మిడతలను ఏరుకుని తింటాయన్నది కూడా అంతే నిజం కనుక, వీటిని పంటకు శత్రువులని ఒక్కమాటతో తేల్చివేయడం న్యాయం కాదు.

చంద్రగిరి వారు చెప్పిన చివరి తేదీ సూత్రానికి నా వైపు నుంచి ఒక సవరణ ఉంది. గులాబీ గోరింక వంటి గుంపు పక్షులకు తేదీ ఒక్కటే చాలదు, సంఖ్య కూడా కావాలి. గుంపులో వందలు ఉన్న రోజు, పదులకు తగ్గిన రోజు, చివరి ఒకటి రెండు పిట్టలు మిగిలిన రోజు వేరువేరు సమాచారాలు. చివరి పిట్ట వెనుకబడిన రోగిష్టి పిట్ట కూడా కావచ్చు, దాని తేదీని పట్టుకుని గుంపు వెళ్ళిన కాలాన్ని నిర్ణయించలేము. లెక్కించడం కష్టమనుకుంటే పదింటిని ఒక ముద్దగా కళ్ళతో కొలుచుకుని, గుంపులో అటువంటి ముద్దలు ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తే చాలు.

చైత్రం వచ్చాక పొన్నంకి పిట్ట (ఇండియన్ పిట్టా) కోసం కూడా ఎదురుచూడండి. దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ చలికాలం గడిపి, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి వెళుతూ రాత్రివేళ ప్రయాణం చేస్తుంది. తెల్లవారుజామున అలసిపోయి తోటల్లోకి, ఒక్కోసారి ఇళ్ళ వసారాల్లోకి దిగుతుంది, అద్దాల కిటికీలకు కొట్టుకుని పడిపోతుంది. అలా దొరికితే నోట్లో నీళ్ళు పోయవద్దు, పంజరంలో పెట్టవద్దు. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి మూత వేసి, చప్పుడు లేని చీకటి చోట ఒక గంట ఉంచి, తేరుకున్నాక చెట్లున్న చోట వదిలేయండి. ఎగరలేకపోతే అటవీశాఖ వారికి తెలియజేయండి.

మరొక మనవి. పసుపు గొంతు పిగిలిపిట్ట పేరు ఇక్కడ బయటికి వచ్చింది కనుక, ఫోటో కోసం ఫోన్‌లో దాని కూత వినిపించి పిలిచేవారు బయలుదేరవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. పొరుగు పిట్ట తన చోటు ఆక్రమించడానికి వచ్చిందని భ్రమపడి, అది మేత మాని వెతుకుతూ తిరుగుతుంది.

స్వర్ణముఖి తీరం (ప్రశ్న వేసినవారు)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. చంద్రగిరి వారు అడిగిన తోక కొసను చూడాలనే పట్టుదలతో, ఉదయం మెట్ల దారి తెరవగానే మళ్ళీ వెళ్ళాను. ఎండ బండల మీద పడే సమయానికి అదే జువ్వి చెట్టు దగ్గర రెండు పిట్టలు వచ్చాయి. ఒకటి కొమ్మ మారేటప్పుడు తోక విప్పింది, కొసలు లేత రంగులో స్పష్టంగా కనిపించాయి. కంటి మీద తెల్ల గీత లేదు. తెల్ల కనుబొమ పిట్ట కూత మాత్రం కింది పొదలో నుంచి వినిపిస్తూనే ఉంది, యాప్ మళ్ళీ దాని పేరే చూపించింది. నేను కూత వినిపించలేదు, మెట్లు దిగి పక్కకు వెళ్ళలేదు.

ఇప్పుడు దీనిని పక్షుల పరిశీలనలు నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైటులో పెట్టాలనుకుంటున్నాను. ఫోటో లేకుండా పెడితే అంగీకరిస్తారా? కచ్చితమైన చోటు పెట్టడం పిట్టకు క్షేమమేనా?

చంద్రగిరి బాటసారి

తోక కొస కనిపించింది కనుక ఇక సందేహం అవసరం లేదు, అభినందనలు. ఫోటో లేకపోయినా నిరభ్యంతరంగా పెట్టవచ్చు. వ్యాఖ్య కోసం ఇచ్చిన గడిలో మీరు ఇక్కడ రాసినదే రాయండి: గొంతు రంగు, కనుబొమ గీత లేకపోవడం, తోక కొసలు, చెట్టు పేరు, రెండు పిట్టలు, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎటు వైపు ఉంది. నమోదులను సరిచూసే ఈ-బర్డ్ పరిశీలకులు వివరణ అడిగినప్పుడు 'స్పష్టంగా చూశాను' అనే వాక్యం కంటే 'కనుబొమ గీత లేదు' అనే వాక్యమే వారికి ఉపయోగపడుతుంది. తెల్ల కనుబొమ పిట్టను కూడా అదే చెక్‌లిస్టులో 'కూత విన్నాను' అని చేర్చండి. రెండూ ఒకే వాలులో ఉన్నాయన్న సంగతి తరువాతివారికి పనికివస్తుంది. పలమనేరు వారి సవరణను నేనూ ఒప్పుకుంటున్నాను, గుంపు పక్షులకు సంఖ్య రాయండి.

చోటు విషయంలో, మెట్ల దారి వేలాది మంది నడిచే బహిరంగ మార్గం కనుక 'శ్రీవారి మెట్టు దారి' అని పెట్టడంలో ఇబ్బంది లేదు. జువ్వి చెట్టు ఎన్నవ మెట్టు దగ్గర ఉందో మాత్రం రాయవద్దు. ఈ పిట్ట ఎక్కువగా జూన్, ఆగస్టు మధ్య గూడు పెడుతుంది. అప్పుడు బండల దగ్గర జనం గుమికూడితే గూడు వదిలేసే ప్రమాదం ఉంది.

రాబోయే వారాల్లో ఆ దారిన వెళ్ళినప్పుడు ఇంకొకటి గమనించండి. మార్చి, ఏప్రిల్ శేషాచలంలో కార్చిచ్చుల కాలం. 2014 మార్చిలో వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లవలసి వచ్చింది. వాలు కాలిన చోట పండ్ల చెట్లు, పొదలు పోతే ఈ పిట్ట ఎటు వెళుతుందో తెలియాలంటే, కాలకముందు ఎక్కడ ఉండేదో ఎవరైనా రాసి ఉండాలి. కొండ మీద పొగ కనిపిస్తే ముందుగా అటవీ సిబ్బందికి చెప్పండి, ఆ తరువాత ఆ వాలు పేరు, తేదీ మీ పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఆదివారం నేను కూడా అదే దారిలో వస్తాను. వీలైతే కింద శ్రీనివాసమంగాపురం దగ్గర కలుద్దాం.